తప్పంతా లైట్లదే

మా ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగి ముందు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మా హాల్లో లైటు అలాంటిది. పడగ్గదిలో ఉన్నది ఇంకా ఘోరం. వంటింట్లో లైటు కింద నిలబడితే ఎవరో వచ్చి మనల్ని ప్రశ్నలు అడిగి నిజం చెప్పిస్తారేమో అనిపిస్తుంది. ఇన్ని లైట్లు పెట్టుకుని, పొద్దు వాలగానే హాల్లో చీకటి చేసుకుని మొగుడూ పెళ్ళాం ఎందుకు తిరుగుతుంటారని మీరంతా నా వెనక అనుకుంటున్నారని నాకు తెలుసు. అందుకే చెప్తున్నాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. ఈ కథకి అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడే.

ముందు నా అర్హతలు చెప్పాలి. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తాను. జనం తమ ఇళ్ళని ఏ ఏ విధాలుగా తగలబెట్టుకున్నారో చదివి, తప్పు వాళ్ళదేనని తేల్చడం నా ఉద్యోగం. కాబట్టి కరెంటుతో మనిషి ఎలా పోవచ్చో నాకు క్షుణ్ణంగా తెలుసు. లైటు ఎలా వెలుగుతుందో మాత్రం తెలీదు. ఒకసారి సొంతంగా కాలింగ్ బెల్ బిగించాను. ఆ తర్వాత ఎవరు బెల్ నొక్కినా హాల్లో ఫ్యాను ఆగిపోయేది. చెమట పడితే ఎవరో వచ్చారని తెలుసుకుని వెళ్ళి తలుపు తీసేవాళ్ళం.

ఇక మా ఆవిడ. ఆవిడ బట్టలు కుడుతుంది. మా వీధిలో సగం మంది ఒంటి మీద ఉన్నవి ఆవిడ చేతి కుట్లే. హాల్లో కిటికీ పక్కన ఆవిడ మిషను. ఆ మిషను ఆగిందంటే ఇంట్లో ఏదో తేడా జరిగిందని అర్థం.

ఈ లైట్లు రాకముందు కొన్నాళ్ళు ఆ మిషను చీకటి పడకముందే ఆగిపోయేది. ఆవిడ గుమ్మాలకి భుజాలు కొట్టుకునేది. బల్ల అంచున పెట్టిన గ్లాసు కిందపడేది, పక్కనే నిలబడ్డ నేను ఆవిడకి కనపడేవాణ్ణి కాదు. నేను గుమ్మాన్ని తిట్టాను, బల్లని తిట్టాను, చివరికి ఆవిడని లాక్కుని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ ఆవిడ కళ్ళలో మందు వేసి, మూసుకుని కూర్చోమని తెర అవతల కుర్చీలో కూర్చోబెట్టింది. నన్ను తెర ఇవతలికి పిలిచింది. కంటి వెనక పొర పాడవుతోందని చెప్పింది. చూపు పక్కల నుంచి తగ్గుతూ మధ్యకి వస్తుందట. ముందు మసక వెలుతుర్లో కనపడదు, తర్వాత పగలు కూడా. ఆపే మందు లేదు. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేనంది. అంతవరకు ఇంట్లో మంచి వెలుతురు ఉంచమంది.

నేను గొంతు బాగా తగ్గించి, ఆవిడకి చెప్పొద్దని బతిమాలాను. కళ్ళు ఆవిడవి, ఆవిడకి తెలియాలి కదా అంది డాక్టరమ్మ. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చివరికి, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేలోపు మీరే చెప్పాలి, లేకపోతే నేను చెప్తాను అంది. చెప్తానని మాటిచ్చాను. ఆఫీసులో ఎంతోమంది దగ్గర అలాంటి మాటలు విన్నవాణ్ణి కాబట్టి నా మాట విలువ నాకు తెలుసు.

బయటికొచ్చాక మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ ఏమన్నారని అడిగింది.

"కళ్ళకేం లేదట. మన ఇంట్లో వెలుతురు చాలట్లేదట. తప్పంతా లైట్లదే" అన్నాను.

ఆవిడ నా మోచెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "నేనూ అదే అనుకుంటున్నాను. ఈ మధ్య లైట్లు మరీ మసగ్గా వెలుగుతున్నాయి. మీరు కాస్త వాటి సంగతి చూడండి" అంది.

ఎంత సులభంగా నమ్మిందో అని నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంటికెళ్ళి బాత్రూంలో తలుపు వేసుకుని, పంపు పూర్తిగా తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. తర్వాతి రోజు కూడా అంతే. మా ఆవిడ ఒకసారి తలుపు కొట్టి, పైన ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నాయని మాత్రం చెప్పింది.

లైట్లు మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలవచ్చు కదా అంటారు. మా వీధిలో ఉన్నది ఒకే ఒక్కడు. ఆయన్ని అందరూ ఉన్నమాట మేస్త్రి అంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదు. ఫ్యాను గాలి రావట్లేదని ఎదురింటి పెద్దాయన పిలిస్తే, ఫ్యాను బాగానే తిరుగుతోంది, మీకు ఒంట్లో బాగుండి ఉండదు, వెళ్ళి చూపించుకోండి అని చెప్పి వెళ్ళాడు. పెద్దాయన ఆ మర్నాడే ఆసుపత్రిలో చేరాడు. అలాంటి మనిషి మా ఇంటికొచ్చి, పైకి చూసి, "ఈ లైట్లకేం రోగమమ్మా, బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి" అన్నాడంటే నా అబద్ధం అక్కడికక్కడే చస్తుంది. అందుకని నేనే బిగించాలని తీర్మానించాను.

"మీరా?" అంది మా ఆవిడ.

"నేనే."

"కరెంటు పని?"

"దానికేముంది, పాతది విప్పడం, కొత్తది బిగించడం."

"కాలింగ్ బెల్ అప్పుడూ ఇదే మాట అన్నారు."

"బెల్ వేరు, లైటు వేరు."

"అవును, బెల్ కింద ఉంటుంది. పడితే దెబ్బ తగలదు" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. నన్ను ఆపలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

దుకాణంవాడు ఎంత గదికి అని అడిగాడు. ఎంత గది అయినా సరే, ఉన్నవాటిల్లో ఎక్కువ వెలుతురు ఇచ్చేది ఇమ్మన్నాను. అది గోడౌన్లలో పెట్టుకునేది సార్ అన్నాడు. అదే కావాలన్నాను. పళ్ళేలంత గుండ్రని లైట్లు, ఒక్కొక్కటీ పసిపిల్లంత బరువు. పైకప్పు నుంచి రెండు వైర్లు వస్తాయి, కరెంటు తెచ్చే లైన్ ఏదో, తీసుకెళ్ళే న్యూట్రల్ ఏదో చూసుకుని కలపండి, తారుమారు చెయ్యకండి అని రెండుసార్లు చెప్పాడు. నా మొహం చూసి మూడోసారి కూడా చెప్పాడు.

ఈలోపు ఇంట్లో ఇంకో గొడవ ఉంది. దారాలు. ఎక్కడ చూసినా దారం ముక్కలు. ఉప్పు డబ్బా మూతకి ఒక దారం, పంచదార డబ్బాకి ఒకటి, నా చొక్కాల హ్యాంగర్లకి, తాళంచెవులకి, ఆఖరికి స్విచ్చుల పక్క మేకులకి కూడా. కుట్టుపని చేసే ఇల్లు కదా, చెత్త ఎగిరి పట్టుకుంటోందనుకుని నేను కత్తెర పుచ్చుకుని కనపడినదల్లా తెంచేవాణ్ణి. మర్నాటికి మళ్ళీ ఉండేవి. మళ్ళీ తెంచేవాణ్ణి. ఒకరోజు టీలో ఉప్పు పడింది. మా ఆవిడ ఒక గుక్క తాగి, డబ్బా చేత్తో తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, మీకు శుభ్రం బాగా ఎక్కువైందండీ అంది. నేను పొగడ్తనుకున్నాను.

సెలవురోజు పొద్దున్నే మా బావమరిది నిచ్చెనా, బ్యాటరీతో తిరిగే డ్రిల్లూ పట్టుకుని దిగాడు. వాడికి నేను పెట్టిన పేరు ఉచితసలహా. వాణ్ణి మేడమీదికి తీసుకెళ్ళి, మీ అక్క కళ్ళ సంగతి ఇదీ అని చెప్పి, ఎక్కడా నోరు జారొద్దని ఒట్టు వేయించుకున్నాను. వాడు ఏడుస్తాడేమో, పట్టుకోవాల్సి వస్తుందేమో అని సిద్ధంగా నిలబడ్డాను. వాడు తల ఊపి, "సరే బావా. మేస్త్రిని పిలిస్తే పోదా?" అన్నాడు. సొంత అక్క మీద ఇంత లెక్కలేనితనమా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

మొదట పడగ్గది. లైటు బిగించడానికి కొన్ని చిల్లులు చాలు. నేను పెట్టిన చిల్లులన్నిటినీ కప్పాలంటే లైటు బదులు గొడుగు బిగించాలి. పెచ్చులు ఊడి మంచం మీద, పరుపు మీద, నోరు తెరిచి సలహా చెప్తున్న బావమరిది నోట్లో పడ్డాయి. మొత్తానికి లైటు వెలిగింది. గది గదంతా తెల్లగా అయిపోయింది. ఆర్పబోతే ఆరలేదు. స్విచ్చు పైకి వేసినా కిందికి వేసినా అది అలాగే వెలుగుతోంది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, పోనీలెండి, వెలుతురు కావాలనేగా అంది.

వంటింటిది రెండోది. దాని సంగతి క్లుప్తంగా చెప్తాను. వెలిగింది, ఆరింది కూడా. కాకపోతే నా చిటికెన వేలి గోరు ఇప్పటికీ నల్లగా ఉంది.

హాల్లోది మిగిలింది. మిషను సరిగ్గా దాని కిందే కాబట్టి అసలు ముఖ్యమైనది అదే. ఈసారి నేను కింద మెట్ల దగ్గరున్న మెయిన్ ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుని అక్కడే కూర్చోమని బావమరిదికి చెప్పాను. వాడు, అక్క ముందే చెప్పింది బావా అంటూ వెళ్ళాడు. నేను మరలు చాలక దుకాణానికి పరిగెత్తి వచ్చి నిచ్చెనెక్కేసరికి, పైకప్పులోంచి వచ్చే రెండు వైర్లకీ దారాలు కట్టి ఉన్నాయి. ఇక్కడిదాకా ఎగిరాయా ఈ చెత్త దారాలు అని విసుక్కుని జేబులో కత్తెర తీసి ఒకటి తెంచాను. రెండోది చేతికి అందలేదు, వదిలేశాను.

పాత ట్యూబు విప్పి గోడకి ఆనించాను. కొత్తదాన్ని తగిలించే ఇనప పళ్ళెం కప్పుకి బిగించడానికే మధ్యాహ్నమంతా పట్టింది. బయట మబ్బు పట్టింది, పొద్దు కూడా వాలింది. కరెంటు లేని హాలు గబగబా చీకటైపోతోంది. లైటుని ఒక చేత్తో నెత్తి మీద ఎత్తి పట్టుకున్నాను. ఇంకో చేత్తో వైర్లు పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి పొగా దుమ్మూ పట్టి రెండు వైర్లదీ ఒకటే రంగు. ఏది లైన్, ఏది న్యూట్రల్? పాతది విప్పేటప్పుడు గుర్తుపెట్టుకోవాలని నాకు తట్టలేదు. దిగుదామంటే లైటు వదలాలి. వదిలితే అది కింద మిషను మీద పడుతుంది. టార్చి ఉన్న ఫోను వంటింట్లో ఉంది. బావమరిదిని కేకేశాను. వాడు చెవుల్లో ఏదో పెట్టుకుని పాటలు వింటున్నాడని తర్వాత తెలిసింది.

సరిగ్గా అప్పుడే గోడకి ఆనించిన ట్యూబు జారి, నేల మీద పడి ఢామ్మని పేలింది. గాజు పెంకులు వంటింటి గుమ్మందాకా చిమ్మాయి.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. అడుగుల చప్పుడు వినిపించింది. ఇంట్లో ఆవిడ చెప్పులు వేసుకోదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చేతులు కదిలించలేను. నేల మీద ఎక్కడ ఏముందో నాకే కనపడటం లేదు. ఆవిడ పాదాలు తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"రావద్దు. గాజు ఉంది. రావద్దు, నీకు కనపడదు" అని అరిచాను.

అన్న తర్వాతగానీ నేనేమన్నానో నాకు వినపడలేదు. అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్నది నిచ్చెన మీద నిలబడి ఊరంతా వినేలా చాటాను. నా కింద నిచ్చెన ఊగుతోంది.

"తెలుసు" అంది మా ఆవిడ.

అంటే, చీకటి కదా, ఎవరికైనా కనపడదు కదా అని ఏదో అనబోయాను.

"ఆ రోజు మందు నా కళ్ళలో వేశారండీ. చెవుల్లో వెయ్యలేదు. మీకూ నాకూ మధ్య ఉన్నది ఒట్టి గుడ్డ తెర."

అంత చీకట్లోనూ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ వంటింటి తలుపు వెనకున్న చెప్పులు వేసుకుంది. చీపురు తీసింది. గుమ్మం దగ్గర నుంచి ఊడుస్తూ, గాజు గలగలలాడితే ఆగి మళ్ళీ ఊడుస్తూ, చప్పుడు రాని చోట అడుగు వేస్తూ, తొందరపడకుండా దారి చేసుకుంటూ నా వైపు వస్తోంది. డ్రిల్లు అడ్డంగా పడి ఉందని నేను చెప్పేలోపే దాన్ని కాలితో తాకి పక్కకి నెట్టింది. ఇంట్లో కళ్ళున్నవాణ్ణి నేను. గాల్లో వేలాడుతున్నదీ నేనే.

ఆవిడ నిచ్చెన కాళ్ళు పట్టుకుంది. ఊగడం ఆగింది.

"వైర్లు చేత్తో తడమండి. దారం ఉంటుంది. ఒక ముడి ఉన్నది లైను. రెండు ముళ్ళున్నది రెండోది. మీరు దుకాణానికి వెళ్ళినప్పుడు తమ్ముడు నిచ్చెన పట్టుకుంటే ఎక్కి కట్టాను. పాతలైటు మీద అచ్చు వేసి ఉంది, చూసే కట్టాను."

"ఒక దారం..." అన్నాను.

"తెంచేశారా?"

"చెత్త అనుకున్నాను."

కింద నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. "ఉన్నదానికి ఎన్ని ముళ్ళు?"

తడిమాను. ముందు ఏమీ తెలియలేదు. నా వేళ్ళు ఆఫీసు వేళ్ళు, కాగితాలు తిప్పడం తప్ప వాటికేం రాదు. కళ్ళు మూసుకోండి, తెలుస్తుంది అంది ఆవిడ. మూసుకున్నాను. బియ్యపు గింజంత ముడి, దాని పక్కనే ఇంకొకటి.

"రెండు."

"అయితే మిగిలినది లైను. కలపండి, నేను పట్టుకున్నాగా."

కలిపి, టేపు చుట్టి, లైటు బిగించి కిందికి దిగాను. మా ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి తమ్ముణ్ణి ఒక్క కేక వేసింది. నేను ఎంత అరిచినా వినపడనివాడికి అక్క కేక పాటల్లోంచి కూడా వినపడింది. ఫ్యూజు పెట్టాడు. లైటు వెలిగింది.

ఆ వెలుతుర్లో ఒకరినొకరం చూసుకున్నాం. నేను తల నుంచి కాలిదాకా సున్నంలో ముంచి తీసినట్టు ఉన్నాను. ఆవిడ దగ్గరికొచ్చి, తల కాస్త పక్కకి తిప్పి, ఇప్పుడు సరిగ్గా కనపడే చోటు వెతుక్కుని నా మొహం చూసింది. సున్నం మీద రెండు చారలు ఉన్నాయట, కళ్ళ దగ్గర్నుంచి గడ్డందాకా. ఆవిడకి నవ్వాగలేదు. కుర్చీలో కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి, కొంచెం ఏడ్చింది కూడా.

తెలిసి కూడా ఈ లైట్ల నాటకం ఎందుకు ఆడావని అడిగాను.

"ఏం చెయ్యమంటారు? మీరు రోజూ పంపు తిప్పుకుని బాత్రూంలో కూర్చుంటున్నారు. ట్యాంకు ఖాళీ అవుతోంది. మీకేదైనా పని ఉంటే మంచిదని లైట్లు మసగ్గా ఉన్నాయన్నాను."

ఫ్యూజు తమ్ముడి జేబులో ఉండాలన్నదీ ఆవిడ ఏర్పాటే. పడగ్గది లైటు ఆరకపోవడం చూశాక, ఇక నిచ్చెన మీద మీ బావ ఉండగా కరెంటు ఉండకూడదని వాడికి చెప్పిందట. కళ్ళ సంగతి నేను చెప్పకముందే వాడికి తెలుసు. వాడిచేతా ఒట్టు వేయించింది, తనకి తెలుసన్న సంగతి బావకి తెలియనివ్వొద్దని. ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ తెలిసిన సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరం కాపాడుతున్నాం.

నేను ఉప్పు డబ్బా వైపు చూశాను. తాళంచెవుల వైపు చూశాను. అప్పుడు అర్థమైంది. ఉప్పుకి ఒక ముడి, పంచదారకి రెండు. నా తెల్ల చొక్కాకి ఒకటి, నీలం చొక్కాకి రెండు. రాబోయే రోజుల కోసం ఆవిడ ఇంటిని ముడి ముడిగా గుర్తుపెట్టుకుంటోంది. నేను కత్తెర పట్టుకుని వెనకాలే తెంచుకుంటూ తిరిగాను.

"ఒక్కమాట చెప్పుంటే..." అన్నాను.

"చెప్తే మళ్ళీ పంపు తిప్పేవారు. పోనీలెండి, మీరు తెంచారు కాబట్టే మళ్ళీ మళ్ళీ కట్టాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని కట్టగలను."

భయం వెయ్యడం లేదా అని అడిగాను. ఎన్నాళ్ళ నుంచో అడగాల్సిన మాట అది.

"వేస్తుంది. మీరు ఆఫీసుకి వెళ్ళాక వేస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుని మిషను తొక్కుతాను. కుట్టు తిన్నగా వస్తే కాస్త తగ్గుతుంది." కొంచెం ఆగి, "రాకపోతే విప్పి మళ్ళీ కుడతాను" అంది.

మా బావమరిది గుమ్మంలో నిలబడి, జీవితంలో మొదటిసారి, ఏ సలహా ఇవ్వకుండా చీపురు తీసుకుని గాజు ఎత్తాడు.

ఇప్పుడు మా ఇంట్లో సంగతి ఇదీ. మా ఆవిడ సాయంత్రందాకా ఆ గోడౌను లైటు కింద కుడుతుంది. మళ్ళీ చూపించుకోవడానికి ఇద్దరం వెళ్తే, కచ్చితంగా చెప్పలేనుగానీ ఇంకా కొన్నేళ్ళు కుట్టచ్చేమో అంది డాక్టరమ్మ. పొద్దు వాలాక హాలు లైటు ఆర్పేస్తాం. పడగ్గదిది ఆరదు కాబట్టి తలుపు మూసేస్తాం. ఆ చీకట్లో ఆవిడ ఇల్లంతా నడిచి అలవాటు చేసుకుంటుంది, నేను వెనకాలే నడుస్తాను. రాత్రి నేను కళ్ళకి గుడ్డ కట్టుకుని పడుకుంటాను. మేస్త్రిని పిలవచ్చు. కానీ ఆయన వచ్చి మా చిల్లులు చూసి ఉన్నమాట అంటాడని నా బాధ.

దారాలు కూడా నేనే కడుతున్నాను, తెంచినవాటికి బదులు. నేను కట్టిన ముళ్ళు వదులుగా ఉంటున్నాయని ఆవిడ అన్నీ విప్పి మళ్ళీ కడుతుంది.

నిన్న సాయంత్రం కూడా లైటు కింద కాసేపు కూర్చున్నాం. కొత్త లైటు ఎలా ఉందని అడిగాను. చాలా బాగుందంది. ఇంత వెలుతురు ఈ ఇంట్లో ఎప్పుడూ లేదంది. తర్వాత లేచి చీర కొంగు సర్దుకుంది.

"ఇక ఆర్పండి" అంది. "ఇవాళ మీరు నా వెనకాల కాదు, ముందు నడవండి. ఎప్పుడైనా నా చెయ్యి పట్టుకోవాల్సి వస్తే దారి మీకూ తెలిసి ఉండాలి కదా."

ఆర్పాను. ముందు నడిచాను. బావమరిదికి ఇంకా తిరిగివ్వని నిచ్చెన కాలికి తగిలింది. వెనక నుంచి ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, కొంచెం ఎడమకి రండి అంది.